ఇద్దరి సంతకం

"ఆ కాగితం లోపలికి తేవొద్దు. గుమ్మం బయటే పెట్టిరా," అంది సుమీరా.

వెనింగ్ గుమ్మంలోనే ఆగిపోయింది. డ్యూటీ మధ్యలో అరపూట సెలవు చెప్పి, బండి మీద పన్నెండు నిమిషాల్లో ఇల్లు చేరిన మనిషి. హెల్మెట్ కూడా తీయలేదు.

"ఇబు, ఇది వట్టి కాగితం," అంది. పెద్దావిడలని పిలిచినట్టే అత్తగారినీ ఆమె ఇబు అనేది.

"దాని మీద ఆ పేరుందా, లేదా?"

ఉంది. ఎడమ పక్క ఒక గడిలో ఒక పేరు, కుడి పక్క గడిలో ఇంకో పేరు. కుడి పక్కది వరాస్, ఆరోగ్యమని అర్థమొచ్చే కొత్త పేరు. ఎడమ పక్కది ఈ ఇంట్లో పదకొండు రోజులుగా ఎవరూ పలకని పేరు. పోయిన వారం సంచిక దాకా ఈ కథలో ఎన్నోసార్లు అచ్చయిన పేరే. కానీ అత్తగారు అలా గుడ్లురిమి చూస్తుంటే మనకూ రాయబుద్ధి కావడం లేదు.

"ఉందనే తెచ్చాను," అంది వెనింగ్. "మస్, మీ అబ్బాయే వచ్చి సంతకం పెట్టాలి. ఇవాళ శుక్రవారం. పదకొండింటికి నమాజుకని ఆస్పత్రి రికార్డుల కిటికీ మూసేస్తే మళ్ళీ సోమవారమే. రేపు పొద్దున ఎనిమిదింటికి ఆయన తల మళ్ళీ కోస్తారు. మీకు తెలుస్తోందా అసలు?"

"కొయ్యమన్నానా నేను?"

"సంతకం వద్దంటే కొయ్యమన్నట్టే!"

సుమీరా చేటలో బారు చిక్కుళ్ళు తుంచుతూ కూర్చుంది. ఒక్కో కాయా టప్‌మని విరిగింది. కోడలు అరిచినప్పుడల్లా ఆవిడ చేసే పని అదే. మాట మింగేసి చేతికందినదాన్ని విరవడం.

కాయలన్నీ అయ్యాక తలెత్తింది.

"పేరు మార్చిన రోజు పదిమంది ముందు ఒప్పుకున్నావు. ముప్ఫై అయిదు రోజులు ఆ పేరు ఎత్తనన్నావు. ఆ తంతుకి ఎర్ర జావ, తెల్ల జావ నీ చేత్తోనే కలిపావు. పుట్టినప్పుడే మీ మామతో మొత్తుకున్నాను, లోకమంతా నెత్తినెట్టే పేరు మనలాంటోళ్ళకి వద్దయ్యా, మోయలేడు అని. విన్నాడా? ఇప్పుడు చూడు, ఆ బరువుకి నా బిడ్డ తల చితికిపోయింది. ఆ పేరు పోతే, దాంతోపాటే రోగమూ పోద్ది. పొమ్మని సాగనంపాక మళ్ళీ పిలుస్తారా ఎవరన్నా?"

"మీరు సాగనంపింది పేరుని కాదు ఇబు. ఆస్పత్రిలో ఉన్న ఆయన పాత స్కాన్ బొమ్మలన్నిటినీ."

అసలు గొడవ అదే. పేరు మార్చుకోవడం ఇంట్లో వరకైతే వెనింగ్ సర్దుకుపోయేది. ఆయన పేరున్న వర్క్‌షాపు బోర్డు గోడవైపు తిప్పేశారు, సరే అంది. పెళ్ళిఫోటో కింద రాసిన రెండు పేర్లలో ఒకదాని మీద అత్తగారు కాగితం అంటించింది. ఎవరో పేరు లేనివాణ్ణి పెళ్ళాడినట్టు తన పేరొక్కటే మిగిలింది. దానికీ ఏమీ అనలేదు. తలలో కణితికి ఆపరేషన్ అయింది, ఆరు వారాల రేడియేషన్ అయింది, మాత్రలూ అవుతున్నాయి, ఓ గిన్నెడు జావ వల్ల పోయేదేముందిలే అనుకుంది.

కానీ సుమీరా అక్కడితో ఆగే మనిషా! మొన్న మంగళవారం వార్డు ఆఫీసు నుంచి కొత్త పేరుతో ఉత్తరం రాయించుకుని, కొడుకుని వెంటబెట్టుకుని ఆసుపత్రి కౌంటర్‌కి వెళ్ళింది. "పాత కార్డుందా?" అని అడిగితే, "ఈ అబ్బాయికి లేదు," అంది. ఆవిడ దృష్టిలో అది అబద్ధమూ కాదు. చేతికి కొత్త కార్డు ఇచ్చారు. బుధవారం తీసిన స్కాన్ ఆ కొత్త మనిషి పేరున చేరింది.

వెనింగ్ ఆ ఎం.ఆర్.ఐ. గదిలోనే టెక్నీషియన్. అయినా తన వాళ్ళ స్కాన్ తను చెయ్యకూడదని నియమం. ఆ పూట వరండాలో కూర్చుంది. లోపల మిషను నడిపిన కుర్రదానికి పాత పేరే తెలియదు.

ఇవాళ పొద్దున బొమ్మలు చదివే డాక్టర్ హెర్లినా ఫోన్ చేసింది. "వెనింగ్, ఎవరీ వరాస్? తలకి ఆపరేషనయిన గుర్తుంది, పాత బొమ్మ ఒక్కటీ లేదు. ఆకాశం నుంచి ఊడిపడ్డాడా?"

కొత్త కార్డు సంగతి వెనింగ్‌కి అప్పుడే తెలిసింది.

మామూలుగా అయితే నరంలోకి రంగుమందు ఎక్కించి బొమ్మ తీస్తారు. ఆయన మూత్రపిండాలు ఆ మందుకి తట్టుకోవు. అందుకని మందేమీ లేకుండా, మెడలోంచి పైకి పోయే రక్తానికే అయస్కాంతంతో గుర్తు వేసి, ఆ గుర్తుపడ్డ రక్తం తలలో ఏ మూలకి ఎంత చేరిందో చూస్తారు. కణితి బతికి ఉంటే రక్తం తాగుతుంది. రేడియేషన్‌కి కాలి చచ్చిన చోటు తాగదు. పైకి చూస్తే మాత్రం రెండూ వాచి ఒకలాగే ఉంటాయి. మూడు నెలల కిందట ఎంత తాగింది, ఇప్పుడెంత తాగుతోంది అని రెండు బొమ్మలూ పక్కపక్కన పెడితేనే నిజం బయటపడేది.

ఒక్క బొమ్మతో సర్జన్‌కి తెలిసింది ఒక్కటే, మచ్చ పెద్దదయిందని. అందుకే రేపు కోస్తానన్నాడు. ఈసారి ఎడమ కాలూ చెయ్యీ పోవచ్చనీ, అసలు లేవకపోవచ్చనీ కూడా చెప్పాడు.

"డాక్టర్‌గారూ, ఆయన ఎవరో మీకు తెలుసు కదా. పాతవి తెరిచి చూడండి," అని బతిమాలింది వెనింగ్.

"తెలుసు. కానీ రెండు నంబర్ల మీదున్న బొమ్మల్ని కంప్యూటర్ కలిపి కొలవదు. నేను కంటితో చూసి చెబితే సర్జన్ వినడు. కిందటేడు ఏం జరిగిందో మర్చిపోయావా? ఒకరి బొమ్మ ఇంకొకరికి అంటుకుని, బాగున్న మనిషి తల తెరవబోయారు. అప్పట్నుంచీ ఇంతే. ఇద్దరూ ఒకరేనని పేషంటు రాసిచ్చి సంతకం పెట్టాలి. పదకొండులోపల తీసుకురా."

ఇదీ ఆ కాగితం కథ.

"ఎక్కడున్నారు ఆయన?" అంది వెనింగ్.

సుమీరా కళ్ళతోనే పెరటివైపు చూపించింది.

పెరట్లో రేకుల షెడ్డు కింద గాంగులనే కంచు గంటలన్నీ గుడ్డలు కప్పుకుని వరసగా ఉన్నాయి. ఊళ్ళో గమెలాన్ వాద్య బృందాలన్నిటికీ వాటిని శ్రుతి చేసిపెట్టే మనిషి ఆయనే. ఇప్పుడు చాప మీద కూర్చుని టిఫిను తింటున్నాడు. కొబ్బరిపాల అన్నం పళ్ళెంలో కుడి సగం ఖాళీ. ఎడమ సగం గోడ కట్టినట్టు అలాగే ఉంది. గడ్డం కూడా కుడి చెంప మీద నున్నగా గీసుకున్నాడు, ఎడమ చెంప మీద పదిరోజులుగా మాసిపోయి ఉంది.

వెనింగ్‌ని చూసి మర్యాదగా సర్దుకుని కూర్చున్నాడు.

"అక్కా, ఎప్పుడొచ్చారు?"

పదకొండు రోజులుగా ఇదే పిలుపు. కొట్లో అమ్మే ఆవిణ్ణి పిలిచినట్టు, బస్సులో పక్కన కూర్చున్న ఆవిణ్ణి పిలిచినట్టు. తొమ్మిదేళ్ళు కాపురం చేసిన మొగుడు అలా పిలుస్తుంటే మొదటి రోజు నవ్వొచ్చింది. రెండోరోజు ఏడుపొచ్చింది. ఇప్పుడు భయమేస్తోంది.

"మిగతా అన్నం తినలేదేం?" అంది.

"ఎక్కడ?"

ఆమె పళ్ళెం పట్టుకుని గుండ్రంగా తిప్పింది. ఎడమ సగం కుడివైపుకి వచ్చింది. ఆయన దాన్ని చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇది ఆయనది," అన్నాడు గొంతు తగ్గించి. "నేను ముట్టకూడదు."

కణితి తలకి కుడి పక్కన ఉంది. అక్కడ వాపు వస్తే మనిషికి ఎడమ పక్కన లోకం ఉందన్న సంగతే గుర్తుండదు. వెనింగ్‌కి ఇదంతా తెలుసు. ఇలాంటి పేషంట్లని ఎంతమందిని చూడలేదు! అయినా ఆ సగం అన్నం తీసి పారబొయ్యడానికి ఆమెకి చేతులు రాలేదు. మూత పెట్టి పక్కకి జరిపింది.

"మొన్న మీ మిషన్లో పడుకున్నాను కదా అక్కా," అన్నాడాయన. "చాలా బాగుంది. మొదటి చప్పుడు సరిగ్గా శ్రుతిలో ఉంది. మూడోది వెంట్రుకవాసి దిగింది, మీ వాళ్ళకి చెప్పండి, సరిచేసుకుంటారు. నాలుగోదే..."

"నాలుగోది?"

"దాంట్లో ఎవరో పిలుస్తున్నారు."

నాలుగో చప్పుడు రక్తానికి గుర్తు వేసేది. ఆ సంగతి ఆమె ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు.

"మిమ్మల్నా?"

"నన్ను కాదు. మీవారినేమో." ఆయన చిన్నగా నవ్వాడు, ఏదో సాయం చేసినవాడిలా. "నేను పలకలేదులెండి. ఇబు పలకొద్దన్నారు కదా."

సుమీరా ఎప్పుడొచ్చిందో, షెడ్డు స్తంభం పక్కన నిలబడి ఉంది. కన్నకొడుకు తనని 'ఇబు పలకొద్దన్నారు' అని పరాయివాడిలా అంటే ఆవిడ మొహం ఒక్క క్షణం వాడిపోయింది. అమ్మా అని కొడుకు పిలిచి ఆవిడకీ పదకొండు రోజులయింది. అంతలోనే మొహం సర్దుకుంది.

"విన్నావుగా," అంది కోడలితో. "ఇంకా బయటే తిరుగుతోంది."

"ఏది?"

"నీకు తెలుసు."

వెనింగ్ అత్తగారి వైపు చూడకుండా మొగుడి ముందు కూలబడింది. "ఆస్పత్రి దాకా రావాలి. ఒక సంతకం పెట్టాలి. వస్తారా?"

"సంతకమే కదా, దానికేం," అన్నాడాయన. వెంటనే లేచి చొక్కా వేసుకున్నాడు. ఎడమ చెయ్యి చొక్కాలో దూర్చడం మర్చిపోయాడు. ఆ చెయ్యి వెనింగ్ దూర్చింది. చల్లగా, బరువుగా ఉంది.

"నేనూ వస్తాను," అంది సుమీరా.

"రండి. మిమ్మల్ని ఆపగలిగేదెవరు?"

అద్దె కారులో ముగ్గురూ వెనక సీట్లోనే కూర్చున్నారు. సుమీరా మధ్యలో కూర్చుంది. దారిపొడుగునా ఎవరూ మాట్లాడలేదు. మసీదుల మైకుల్లో అప్పుడే ఖురాన్ చదువుతున్నారు. ఒక చోట సిగ్నల్ దగ్గర ఆయన ముందుకే చూస్తూ, "ఇంకొకరికి కూడా చోటు ఉంచారు, మంచిపని చేశారు," అన్నాడు. ఆయనకి ఎడమ పక్కన కూర్చున్నది వాళ్ళిద్దరే. సీట్లో ఖాళీ లేదు.

రికార్డుల కిటికీ దగ్గరకి చేరేసరికి పదిన్నర దాటింది. ముందు ఇద్దరున్నారు. వాళ్ళు అయ్యేసరికి పదకొండుకి పావుగంట ఉంది.

గుమాస్తా అద్దాల్లోంచి కాగితం చూసింది. "ఇద్దరూ వచ్చారా?"

"ఇద్దరు కాదండీ. ఒక్కరే. అదే కదా రాసి ఇస్తున్నది."

"సరే. ఇద్దరూ ఒక్కరేనని ఇద్దరూ సంతకం పెట్టాలి. ఈ గడిలో ఒకటి, ఆ గడిలో ఒకటి. పాత సంతకం మా దగ్గరున్నదానితో కలవాలి. కలవకపోతే చెల్లదు."

ఆయన పెన్ను తీసుకున్నాడు. కుడి గడిలో వరాస్ అని బళ్ళో పిల్లాడిలా గుండ్రంగా రాశాడు. ఈ పదకొండు రోజుల్లో నేర్చుకున్న సంతకం అది. పెన్ను కిటికీలోకి తిరిగిచ్చేశాడు.

"ఇంకోటి?" అంది గుమాస్తా.

"ఇంకోటి ఎక్కడ?"

వెనింగ్ కాగితాన్ని పక్కకి తిప్పింది, పొద్దున పళ్ళేన్ని తిప్పినట్టే. ఇప్పుడు ఆ గడి ఆయన కళ్ళకి ఆనింది. పేరు చదువుకున్నాడు. పెదాలు కదలలేదు. చాలాసేపు అలా చూస్తూనే ఉన్నాడు.

"ఇది నేను పెట్టకూడదు అక్కా."

"పెట్టొచ్చు. ఏమీ కాదు. మీదే."

"నాది కాదు. ఇంకొకరి సంతకం నేను పెడితే తప్పు. ఆయన సంతకం ఎలా ఉంటుందో కూడా నాకు తెలీదు."

"ఏంటమ్మా ఇది?" అంది గుమాస్తా, పెన్ను పుచ్చుకుని. "ఇంకొకరి సంతకం అంటున్నాడు? మా ఎదట ఇలాంటివి కుదరవు. వెనక లైనుంది."

"అక్కా, ఒక్క రెండు నిమిషాలు," అంది వెనింగ్. ఇదే ఆసుపత్రిలో ఏడేళ్ళుగా పనిచేస్తోంది, ఇదే కిటికీ దగ్గర ఎంతమంది రోగుల తరఫున గట్టిగా మాట్లాడిందో. ఇవాళ బతిమాలుతోంది.

ఆయన ఆమె వైపు జాలిగా చూశాడు. "దీనికింత బాధెందుకు? ఆయన వస్తే ఆయనే పెడతారు. పిలవండి."

"నేనా?"

"మీ గొంతయితే గుర్తుపడతారు."

వెనింగ్ ఆయన వైపు ఒక అడుగు వేసింది.

సుమీరా ఆమె మణికట్టు పట్టుకుంది. ముసలి చేతికి అంత బలం ఎక్కడిదో! కిటికీకి నాలుగడుగుల దూరం లాక్కెళ్ళింది.

"వద్దు. నీ కాళ్ళు పట్టుకుంటాను. వద్దమ్మాయ్."

"వదలండి. ఎనిమిది నిమిషాలే ఉన్నాయి."

"రేపు కోస్తారు, కొయ్యనీ. చెయ్యి పోతే పోనీ, నేను తినిపిస్తాను. కాలు పోతే మోస్తాను. ఆ పేరు తిరిగొస్తే ఇక కొయ్యడానికి కూడా ఏమీ మిగలదు. నేను మొగుణ్ణి పోగొట్టుకున్నదాన్ని. నాకు తెలుసు."

"మీకు తెలుసు, మీకు తెలుసు! అన్నీ మీకే తెలుసు! మీకు తెలిసినందుకే కదా ఇవాళ ఈ కిటికీ దగ్గర అడుక్కుతింటున్నాను!" వెనింగ్ మాట తనకే గట్టిగా వినిపించింది. లైనులో వాళ్ళు తిరిగి చూశారు. గొంతు తగ్గించింది. "ఆయన లేవకుండా పోతే మీ కొత్త పేరు ఎవరిని పిలవడానికి ఇబు? గోరీ మీద రాయడానికా?"

సుమీరా చెయ్యి వదిలేసింది. కొట్టినా అంత దెబ్బ తగిలేది కాదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గాని కారనివ్వలేదు.

"పిలువు అయితే," అంది. "నా చెవులతో నేను వినను." రెండు చేతులతో చెవులు మూసుకుని గోడవైపు తిరిగింది, చిన్నపిల్లలా.

వెనింగ్ కిటికీ దగ్గరికి తిరిగొచ్చింది.

తను నమ్మదు. ఇవన్నీ నమ్మేదయితే అయస్కాంతాల మధ్య ఏడేళ్ళు ఉద్యోగం ఎలా చేస్తుంది? నమ్మదు గాని నోరు పెగలడం లేదు. నిజానికి తొమ్మిదేళ్ళలో ఆమె మొగుణ్ణి పేరు పెట్టి పిలిచిందే లేదు. ఇంట్లో 'మస్', బయట 'మావారు'. ఆ పేరు నాలుక మీద ఎలా ఉంటుందో కూడా ఆమెకి తెలియదు.

బయట మైకులో ఎవరో గొంతు సవరించుకున్నారు. గుమాస్తా ముద్రల పెట్టె మూత మీద చెయ్యి వేసింది.

వెనింగ్ ఆయనకి ఎడమ పక్కన నిలబడింది.

"జగద్."

ఆయన కదల్లేదు. కిటికీ అద్దంలోకి చూస్తూ మర్యాదగా నిలబడే ఉన్నాడు, పక్కవాళ్ళ పని అయ్యేదాకా ఆగినవాడిలా.

"జగద్ విసేస," అంది ఈసారి, స్కాన్ గదిలో మైకు పట్టుకుని రోగిని పిలిచినట్టు స్పష్టంగా.

ఒక్కసారిగా ఆ వరండాలో చప్పుళ్ళన్నీ దూరమైపోయినట్టు అనిపించింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది, జనం మాట్లాడుతూనే ఉన్నారు, ఆమెకి మాత్రం ఏమీ వినిపించలేదు. ఎంతసేపో తెలియదు. తరవాత ఆయన తల తిరగడం మొదలయింది. నెమ్మదిగా, ఎడమవైపుకి. ఇన్నాళ్ళుగా ఒక్కసారి కూడా తిరగని వైపుకి.

ఆయన కళ్ళు ఆమె మీద నిలిచాయి. ఆ చూపు ఆమెకి తెలుసు. పెళ్ళికి ముందు నుంచీ తెలుసు.

ఆయన పెన్ను తీసుకుని ఎడమ గడిలో సంతకం పెట్టాడు. ఒక్క ఊపులో, చివర అక్షరం కింద సుత్తి దెబ్బలా ఒక చిన్న చుక్క. గాంగు శ్రుతి కుదిరాక దాని వెనక వేసే గుర్తు అది.

గుమాస్తా రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూసింది. "కలిసింది," అంది. ముద్ర వేసింది. కిటికీ మూసింది.

ఆయన అక్కడే బెంచీ మీద కూలబడి కళ్ళు మూసుకున్నాడు. ఒళ్ళంతా చెమట. చాలా దూరం నడిచొచ్చినవాడిలా ఆయాసపడుతున్నాడు. వెనింగ్ తన చున్నీతో మొహం తుడవబోతే సుమీరా ఆ చెయ్యి పక్కకి నెట్టింది. కొడుకు పక్కన కూర్చుని, ఆయన తల తన భుజానికి ఆనించుకుంది.

"వెళ్ళు," అంది కోడలి మొహం చూడకుండా. "నీకు కావలసింది అయిందిగా. వెళ్ళి నీ బొమ్మలు చూసుకో."

హెర్లినా గదిలో తెర మీద రెండు తలలు పక్కపక్కన ఉన్నాయి. ఇప్పుడు రెంటి పైనా ఒకటే నంబరు. అదే పుర్రె, అదే ఆపరేషన్ గాటు. మచ్చ ఒక్కటే తేడా. మూడు నెలల కిందటి బొమ్మలో ఉసిరికాయంత, ఇప్పటి దాంట్లో దానికి రెట్టింపు.

వెనింగ్ కుర్చీ వీపు గట్టిగా పట్టుకుంది.

"అది చూడకు," అంది హెర్లినా. "రక్తం చూడు."

తెర మారింది. పాత బొమ్మలో ఆ మచ్చ చోట ఎర్రగా, పసుపుగా మండుతోంది. కొత్త దాంట్లో అదే చోట నీలం. అంచుల్లో మాత్రం కాస్త వెచ్చదనం మిగిలి ఉంది. హెర్లినా గుండ్రంగా గీత గీసి కంప్యూటర్‌ని కొలవమంది. రెండుసార్లు కొలిచింది. అవతలి పక్క మెదడుతోనూ పోల్చి చూసింది.

"అప్పుడు వంద వంతులు తాగిందనుకుంటే ఇప్పుడు ముప్ఫై కూడా తాగడం లేదు. కణాల మధ్య నీళ్ళ కదలిక చూసినా అదే మాట. ఇది పెరగడం కాదు వెనింగ్. చచ్చిన పుండు వాచింది, అంతే. ఎడమవైపు మర్చిపోవడం, మనుషుల్ని పోల్చలేకపోవడం, అంతా ఆ వాపు వల్లే."

"అయితే రేపు?"

"రేపూ లేదు, ఎల్లుండీ లేదు. సర్జన్‌తో ఇప్పుడే మాట్లాడతాను. వాపు తగ్గడానికి మందిద్దాం. ఆరు వారాలకి మళ్ళీ ఇదే బొమ్మ తీద్దాం." హెర్లినా కళ్ళజోడు తీసి నవ్వింది. "ఎంత వేగంగా పోతోందో చూశావా? ఇలాగే సాగితే ఆ అంచుల్లో మిగిలింది కూడా పోతుంది."

వెనింగ్ ఏడ్చింది. సిగ్గుపడకుండా, డాక్టరు భుజం మీద వాలి, ముక్కు చీదుకుంటూ ఏడ్చింది. ఎన్ని నెలల ఏడుపో అది. తరవాత మొహం కడుక్కుంది. అత్తగారికి ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో దారంతా కూడబలుక్కుంది. గెలిచానని మాత్రం అనకూడదనుకుంది. ముసలావిడ కాళ్ళకి దణ్ణం పెట్టి, అన్న మాటకి క్షమాపణ అడిగి, కావాలంటే ఇంకో పేరు పెట్టుకుందాం ఇబు, ఎన్ని జావలైనా కాద్దాం అని చెప్పాలనుకుంది.

నమాజుకి జనం వెళ్ళిపోయారు. వరండా ఖాళీగా ఉంది. మూసిన కిటికీ ముందు బెంచీ మీద ఆయన ఒక్కడే నిటారుగా కూర్చుని ఉన్నాడు. సుమీరా అవతలి చివర, మెట్ల దగ్గర నిలబడి ఉంది. కొడుకు దగ్గర నుంచి అంత దూరం ఎందుకు పోయిందో వెనింగ్‌కి అర్థం కాలేదు.

"వెనింగ్," అన్నాడాయన.

అక్కా అనలేదు. ఆ ఒక్క పిలుపుకి ఆమె పరిగెత్తుకొచ్చి ఆయన మోకాళ్ళ ముందు కూర్చుంది. ఆయన ఎడమ చెయ్యి తనంతట తనే లేచి ఆమె తల మీద పడింది. ఇప్పుడు వెచ్చగా ఉంది.

"మస్! కొయ్యక్కర్లేదట. తగ్గిపోతోందట. నా కళ్ళతో నేను చూశాను, నీలంగా ఉంది, మొత్తం నీలంగా..."

"తెలుసు."

"ఎలా తెలుసు? ఇబు చెప్పారా? ఇబుకి కూడా ఇంకా..."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. ఎంత ప్రేమగా చూశాడో, అంత భయంగానూ చూశాడు.

"ఆ రోగాన్ని ఎత్తుకుని పోతున్నది నేనే కదా, వెనింగ్. చాలా దూరం తీసుకెళ్ళాను. ఇంకాస్తే మిగిలింది." ఆయన గొంతు తగ్గిపోయింది. "నువ్వు పిలిచావు. నీ గొంతు విని ఆగలేకపోయాను. దాన్ని కూడా వెంటబెట్టుకుని వచ్చేశాను."